గుర్తు కోసం చూసిన ఏడు నిమిషాలు

రాజేశం చనిపోయి ఐదు నెలలైంది. ఆయన కూతురు శ్రావణి నర్సింగ్ చదివి, ఈ మధ్యే సౌదీలో జిజాన్ ఆస్పత్రిలో చేరింది. వెళ్ళే ముందు ఫోన్ చేసి, "అంకుల్, అక్కడ పని ఎట్లుంటదో ఏమన్నా రాసియ్యండి, చదువుకుంట" అంది. సరేనన్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఇఖామా అనే నివాస పర్మిట్ గురించీ డ్యూటీ పట్టీల గురించీ రెండు పేజీలు రాసి, లేచి, ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ తిరిగాను. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పకుండా మిగతావన్నీ రాస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

నేను డాక్టర్ని. రెండువేల తర్వాతి దశాబ్దంలో చాలా ఏళ్ళు సౌదీ తూర్పు తీరాన, ఖతీఫ్‌కు కొంత దూరంలో, ఒక జపాన్ నిర్మాణ సంస్థ లేబర్ క్యాంపులో పనిచేశాను. రాజేశం అక్కడి క్లినిక్‌లో నర్సు. కరీంనగర్ వైపు మనిషి. నాకంటే ఆరేళ్ళు చిన్న. నేను రాయాల్సింది ఒక జపాన్ కుస్తీ ఆటగాడి ఎడమ చెయ్యి గురించి. అది చచ్చుబడకుండా కాపాడే అవకాశం ఒకరోజు నా చేతికి వచ్చింది. రాజేశం చెప్పాడు. నేను వినలేదు. ఇక వివరాలు.

క్యాంపు డాక్టరు పని

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో రెండు రకాలు. నొప్పి లేకున్నా ఉందనేవాళ్ళు, ఉన్నా లేదనేవాళ్ళు. మొదటి రకానికి కావలసింది ఎండలోంచి ఒక్కరోజు తప్పించుకోవడం. రెండో రకానికి భయం. కాగితం మీద అన్‌ఫిట్ అని పడితే వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాడు. శ్రీకాకుళం మేస్త్రీ ఒకాయన హెర్నియా కనిపించకుండా పొట్టకు తువ్వాలు బిగించి కట్టుకుని మూడు నెలలు ఇటుకలు మోశాడు. నేను రెండుసార్లు చూసి కూడా పట్టుకోలేదు. పట్టుకున్నది రాజేశం.

అయినా మనిషిని చూడగానే నిజమో అబద్ధమో చెప్పగలనని నాకో నమ్మకం ఉండేది. చేతి కింద వందలమంది ఉన్న ప్రతి డాక్టరుకూ కొన్నాళ్ళకు ఈ నమ్మకం వస్తుంది. ఇది వచ్చిన రోజు నుంచీ ఆ డాక్టరుతో జాగ్రత్తగా ఉండాలి.

రాజేశానికి ఒక అలవాటుండేది. క్లినిక్‌లోకి వచ్చిన ప్రతి మనిషికీ చిన్న గాజు గ్లాసులో పాలు లేని సులేమానీ చాయ్ ఇచ్చేవాడు. నాకు చిరాకు.

"ఇది క్లినిక్కా, చాయ్ హోటలా రాజేశం?"

"ఒక్క గుటక సార్. ఎండల పడి వచ్చిండ్రు పాపం."

"లైను ఎంతుందో చూశావా?"

"చాయ్ తాగినంక లైను జల్ది కదుల్తది సార్. మీరే చూడుండ్రి."

నేను చూడలేదు.

వంద కిలోల లోపు

ఒక శీతాకాలంలో మా ప్రాజెక్టు డైరెక్టరు, ఆయనా జపాన్ వాడే, క్యాంపులో కుస్తీ పోటీలు పెట్టిస్తున్నానని ప్రకటించాడు. జపాన్‌లో ఒక చిన్న కుస్తీ సంస్థ యజమాని ఆయన చిన్ననాటి స్నేహితుడట. ఆ సంస్థ ఏటా జూనియర్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ కోసం లీగ్ నడుపుతుంది. ఆ ఏడాది లీగ్ మొత్తం మా క్యాంపులోనే. టికెట్లు లేవు, బయటివాళ్ళు లేరు. భోజనశాలలో బల్లలు తీసేసి మధ్యలో రింగు కట్టారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ మధ్యాహ్నం అసర్ నమాజు తర్వాత మొదలుపెట్టి, పొద్దు గుంకాక చేసే మగ్రిబ్‌కు ముందే ముగించాలి.

ఎనిమిదిమంది ఆటగాళ్ళు, రెండు గుంపులు. ఒక్కొక్కడూ తన గుంపులో మిగతా ముగ్గురితోనూ ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు, సమంగా ముగిస్తే ఒకటి. రెండు గుంపుల్లో ముందున్నవాళ్ళు శుక్రవారం ఫైనల్ ఆడతారు. జూనియర్ అంటే వయసు కాదు, బరువు. వంద కిలోలు దాటకూడదు. ఆ తూకం మా క్లినిక్ కాటా మీదే.

రాజేశం కరీంనగర్‌లో టీవీలో కుస్తీలు చూసి పెరిగినవాడు. గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. తీరా వాళ్ళు లోపలికి వచ్చాక నా చెవిలో గొణిగాడు.

"ఏంది సార్, గింత చిన్నగున్నరు? మన వెల్డర్ల లెక్కనే ఉన్నరు గద."

"చొక్కా విప్పాక చూడు."

విప్పారు. "అమ్మో" అన్నాడు రాజేశం. మెడలు భుజాల్లో కలిసిపోయి ఉన్నాయి. ఇద్దరి మెడల వెనక ఆపరేషన్ గీతలున్నాయి.

సెగావా అనే అతను ఎనభై మూడు కిలోలు తూగాడు. ముప్పై నాలుగేళ్ళు, నెమ్మదస్తుడు. ఎడమ బొటనవేలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతుందని తనే చెప్పాడు. ఎప్పటి నుంచి అంటే నవ్వాడు. మెడ తిప్పించాను, నా చెయ్యి పట్టుకుని లాగమన్నాను, బాగానే లాగాడు. ఫిట్ అని సంతకం పెట్టాను. ఆ సంతకం మీద నాకు పెద్దగా పశ్చాత్తాపం లేదు. అలాంటి మెడతో సగంమంది ఆడుతున్నారు.

మొదటి రోజు

మంగళవారం భోజనశాల నిండిపోయింది. హిందుస్తానీలు, పాకిస్తానీలు, బెంగాలీలు, ఫిలిప్పినోలు. ముందు వరసలో జపాన్ ఇంజనీర్లు. రింగు పక్కన రెండు కుర్చీలు నాకూ రాజేశానికీ.

రెండో ఆట సెగావాది. ప్రత్యర్థి అతని ఎడమ చెయ్యి మెలిపెట్టి నేలకేసి కొట్టాడు. సెగావా కెవ్వుమన్నాడు. చెయ్యి వేలాడేసుకుని రింగు చుట్టూ తిరిగాడు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు, జనం వైపు మొహం తిప్పి పళ్ళు బిగించాడు. భుజం జారిందనుకున్నాను. తాళ్ళ మధ్య నుంచి దూరి రింగులోకి ఎక్కాను. "సార్ సార్" అంటూ నా వెనకే పట్టీలు పట్టుకుని రాజేశం. నేను భుజం మీద చెయ్యి వేయగానే సెగావా పెదవులు కదపకుండా ఇంగ్లీషులో అన్నాడు: "డాక్టర్, దయచేసి దిగండి. బాగున్నాను."

ఎనిమిదివందలమంది ఒక్కసారిగా నవ్వారు.

క్యాంపు బాస్ అష్రఫ్ సాబ్, ముల్తాన్ ఆయన, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "అరే డాక్టర్ సాబ్, ఆప్‌నే తో పూరా డ్రామా ఖరాబ్ కర్ దియా!" నాటకమంతా నేనే పాడుచేశానట. ఆట ముగిశాక రిఫరీ ఓకుడా నన్ను పక్కకు పిలిచాడు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు తనూ ఆటగాడే. ఎవరు గెలవాలో తమ కుస్తీ సంస్థ ఆఫీసు ముందే చెబుతుందనీ, దెబ్బలు నిజమే గానీ ఎలా తగలాలో ఇద్దరూ కలిసి చూసుకుంటారనీ ఓపికగా వివరించాడు. తర్వాత రెండు చేతులూ నెత్తి మీద కత్తెరలా అడ్డం పెట్టి చూపించాడు.

"నిజంగా దెబ్బ తగిలితే నేను ఇలా పెడతాను. ఇది చూస్తే పరుగెత్తండి. లేకపోతే కూర్చోండి."

మర్నాడు పొద్దున క్లినిక్‌కు వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే చేతులు అడ్డం పెట్టి, "డాక్టర్ సాబ్, అస్లీ హై!" అన్నాడు, నిజం దెబ్బే అన్నట్టు. ముక్కు కారే మనిషి కూడా. రాజేశం పడీపడీ నవ్వాడు. నేను నవ్వినట్టు కనిపించాను. లోపల ఉడికిపోయాను. చూడగానే చెప్పగలనని అనుకునేవాణ్ణి కదా. అది ఎనిమిదివందలమంది ముందు పోయింది.

మూడో రోజు

గురువారం లీగ్‌లో ఆఖరి ఆటలు. అప్పట్లో సౌదీలో వారాంతం గురు, శుక్రవారాలే కాబట్టి జనం ఇంకా ఎక్కువ. సెగావాకు ఆ రోజు మిజునుమా అనే కుర్రవాడితో ఆట. గెలిచినవాడు ఫైనల్‌కు వెళతాడు.

ఆటలో సగం దాటాక మిజునుమా అతణ్ణి వెనక నుంచి నడుము దగ్గర పట్టి, తను వెనక్కి విల్లులా వంగి, తల మీదుగా అవతలికి విసిరాడు. భుజాల మీద పడాల్సిన సెగావా నడినెత్తి మీద పడ్డాడు. చప్పుడు తేడాగా వచ్చింది. జనం హోరులో అది నాకు వినిపించిందో లేదో ఇప్పుడు చెప్పలేను. వినిపించిందనే అనుకుంటున్నాను.

ఓకుడా వంగి సెగావా చెవిలో ఏదో అడిగాడు. సెగావా ఏదో చెప్పాడు. ఓకుడా లేచి నిలబడ్డాడు. చేతులు కిందే ఉన్నాయి.

"సార్, గిది యాక్టింగ్ గాదు" అన్నాడు రాజేశం.

"ఎలా తెలుసు?"

"మొన్న చెయ్యి జనానికి చూపెట్టిండు. ఇయాల దాసుకుంటుండు. చూడుండ్రి, ఎవ్వల దిక్కు మొఖం తిప్పుతలేడు."

చూశాను. ఎడమ చేతిని తొడకు ఆనించుకుని, ఆ పక్క ఎవరికీ కనిపించకుండా తిరిగి నిలబడ్డాడు.

"రిఫరీ గుర్తు ఇవ్వలేదు కదా. కూర్చో."

"సార్..."

"మళ్ళీ నవ్వులపాలు కావాలా? కూర్చో రాజేశం."

కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద, పట్టీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

మిజునుమా వచ్చి సెగావా తలను చంకలో బిగించాడు. చాలాసేపు వదల్లేదు. ఊపిరి తీయకుండా చేస్తున్నాడనుకున్నాను. మెడ కదలకుండా పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నాకంటే ముందు ఆ కుర్రవాడు చికిత్స మొదలుపెట్టాడు. కానీ ఆఫీసు చెప్పిన ప్రకారం గెలవాల్సింది సెగావా. గెలవాలంటే మూల స్తంభం పైకెక్కి దూకాలి. ఎక్కాడు. కుడి చేత్తోనే తాళ్ళు పట్టుకుని, ఎడమ చెయ్యి వాడకుండా. అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. అయినా ఓకుడా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. దూకాడు, గెలిచాడు, గంట కొట్టారు.

టైమ్ రాసే మనిషి కాగితం ప్రకారం నెత్తి మీద పడ్డప్పటి నుంచి గంట దాకా ఏడు నిమిషాలు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. ఆ ఏడు నిమిషాలూ నాకు వైద్యం రాక కాదు. సిగ్గు. పుస్తకాల్లో ఎన్నో రకాల పొరపాట్ల గురించి చదివాను. ఒకసారి అనవసరంగా లేచినవాడు రెండోసారి అవసరమైనా లేవడని ఎక్కడా చదవలేదు. చదివినా లేచేవాణ్ణి కాదేమో.

సంతకం

క్లినిక్‌కు నడిచే వచ్చాడు. మెడకు కాలరు వేశాం. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. చెయ్యి ఎలా ఉందంటే బాగుందన్నాడు. రాజేశం చాయ్ తెచ్చాడు. ఇప్పుడేం చాయ్ అని కసరబోయాను. అతను గ్లాసు సెగావా ఎడమ పక్కకు, చేతికి బాగా దగ్గరగా చాపాడు. సెగావా ఒళ్ళంతా తిప్పి కుడి చేత్తో అందుకోబోయాడు. రాజేశం గ్లాసు వెనక్కి తీసి, మళ్ళీ ఎడమ పక్కకే చాపాడు, నవ్వుతూ. సెగావా ఎడమ చెయ్యి ఎత్తాడు. వేళ్ళు గ్లాసు చుట్టూ మూసుకోలేదు. గ్లాసు నేల మీద పగిలింది.

రాజేశం నా వైపు చూడకుండా గాజు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళుగా ఆ చాయ్ దేనికో అప్పుడు తెలిసింది. ఎలా నడిచి వచ్చాడు, ఏ చేత్తో అందుకున్నాడు, వంగాడా, వణికాడా. ప్రతి మనిషినీ నాకంటే ముందు అతను పరీక్ష చేసి పంపేవాడు.

శుక్రవారం పొద్దున దమ్మామ్‌లో ఎంఆర్ఐ తీయించాం. మెడలో డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. ఇంకోసారి అలా పడితే చెయ్యి ఒక్కటే కాదు, మెడ కింద ఏదీ మిగలకపోవచ్చు. అన్‌ఫిట్ రాస్తానన్నాను. అడ్మిన్ మేనేజరు గదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఫైనల్‌కు డైరెక్టరు అతిథులు వస్తున్నారనీ, అదంతా నటనే కదా, నెమ్మదిగా నటించమంటే సరిపోదా అనీ అన్నాడు. వద్దన్నాను. ధైర్యం కాదు అది. ముందురోజు లేకపోయినది ఇవాళ వస్తే దానికి వేరే పేరుండాలి.

సెగావా కాలరుతో కూర్చుని వింటున్నాడు.

"పదకొండేళ్ళు ఆడాను" అన్నాడు. "నన్ను ఛాంపియన్‌షిప్ గెలవమని ఆఫీసు చెప్పడం ఇదే మొదటిసారి. ఒక్క సంతకం."

"పెట్టను."

"నిన్న మీరు నా ఎదురుగానే కూర్చున్నారు. లేవలేదు. నిన్న ఆడగలిగినవాణ్ణి ఇవాళ ఎందుకు ఆడలేను?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను కాగితం మీద అన్‌ఫిట్ అని రాశాను. పక్కన రాజేశం ఉన్నాడు. జవాబు అతని దగ్గర ఉంది. చెప్పలేదు.

ఫైనల్‌లో అతని బదులు మిజునుమా ఆడాడు. నేను చూడలేదు. ఆ వారంలోనే సెగావాను జపాన్ పంపించి ఆపరేషన్ చేశారు.

రిపోర్టు

జరిగినదాని మీద కంపెనీ రిపోర్టు అడిగింది. నేను చెబుతుంటే రాజేశం టైపు చేశాడు. క్లినిక్‌లో టైపింగ్ వచ్చింది అతనికే. ఒకచోట ఇలా చెప్పాను: "రిఫరీ నుంచి గుర్తు రానందువల్ల వైద్య సిబ్బంది వేచి ఉన్నారు."

టైపు ఆగింది.

"సార్, సిబ్బంది అంటే నేను గూడనా?"

"ఫార్మాట్ అంతే రాజేశం. అలాగే రాస్తారు."

టైపు చేశాడు. కాగితం తీసి నా ముందు పెట్టి, "సంతకం సార్" అన్నాడు. పెట్టాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను.

ఒక మార్పు మాత్రం వచ్చింది. నేను ప్రతి మనిషినీ చూసే ముందు, "ఏమంటావు రాజేశం?" అని అడిగేవాణ్ణి. అడిగిన ప్రతిసారీ చెప్పేవాడు. దాన్ని క్షమాపణ కింద జమ చేసుకుంటూ వచ్చాను. అది చెల్లదు.

ఏడాది తర్వాత ఓకుడా ఉత్తరం రాశాడు. సెగావా రింగు వదిలేశాడు, కొత్తగా చేరేవాళ్ళకు దెబ్బ తగలకుండా పడటం నేర్పుతున్నాడు. ఎడమ చేతిలో రెండు వేళ్ళకు స్పర్శ లేదు, చొక్కా గుండీలు భార్య పెడుతుంది. నెత్తి మీద పడ్డప్పుడే అంత నష్టమూ జరిగిందా, చివర్లో దూకడం వల్లనా అని ఓకుడా సర్జన్‌ను అడిగాడట. చెప్పలేమన్నాడట. ఆ రోజు చేతులు ఎత్తనిది తనేననీ, సెగావా ఎత్తొద్దని బతిమాలాడనీ, తప్పు తనదనీ రాశాడు. నా గురించి ఒక్క మాట లేదు. ఉత్తరం చదివి లేచి క్యాంపు గోడ వెంబడి నడిచాను. తప్పులో నా వాటా కూడా ఆయనే తీసేసుకున్నాడు. అది తేలికగా అనిపించాలి. అనిపించలేదు.

ఇంతవరకు రాసి, పంపే ముందు శ్రావణికి ఫోన్ చేశాను. కాగితం మీద చదివేముందు నా నోటితో వినాలనిపించింది. ఆమె డ్యూటీ దిగి గదికి వచ్చింది. మొత్తం చెప్పాను. మీ నాన్న చెప్పాడు, కూర్చోమన్నాను, ఏడు నిమిషాలు, రిపోర్టులో అతణ్ణీ కలిపి రాయించాను, అని.

"అంకుల్, ఆ కుస్తీ ముచ్చట మా ఇంట్ల అందరికీ ఎరికె" అంది. "నాన్న ఎన్నిసార్లు చెప్పిండో. కానీ గిట్ల చెప్పలే."

"ఎలా చెప్పాడు?"

"దెబ్బ తాకంగనే మా డాక్టర్ సార్ ఉరికిండు, జనమంత నవ్వినా పట్టించుకోలే, రింగెక్కి ఆట బందు వెట్టిచ్చిండు అని. మా అమ్మకు గూడ గంతే తెల్సు. నిజం గాదా అంకుల్?"

"ఎక్కింది మొదటి రోజు తల్లీ. అప్పుడు దెబ్బ లేదు."

"మరి మూడో రోజు?"

"ఎక్కలేదమ్మా" అన్నాను. "మీ అమ్మకు కూడా చెప్పు."